సంచులకు లోటు లేదు

పోయిన ఆదివారం తిరుపతిలో ఒక కల్యాణమండపంలో జరిగిన ఎడ్యుకేషన్ ఫెయిరు నుంచి మా ఇంటికి తొమ్మిది సంచులు వచ్చాయి. ఇంటర్ రాసిన మా మేనల్లుడికి కాలేజీ మాత్రం రాలేదు. అయినా మా ఆవిడ సంతోషంగానే ఉంది. టమోటాలకొకటి, ఉల్లిగడ్డలకొకటి, పైకం లేనప్పుడు దులుపుకోవడానికొకటి. అనుభవంతో చెబుతున్నాను, ఫెయిరుకు పోయేవాళ్లు ఇంటి నుంచి సంచి పట్టుకుపోకండి.

ఫోన్ నెంబరు మాత్రం మరవకండి. పెళ్లికైతే గుమ్మంలో పన్నీరు చల్లుతారు, ఇక్కడ నెంబరు రాయించుకుంటారు. లోపల ప్రతి స్టాలు దగ్గరా మళ్లీ రాయాలి. లక్కీ డిప్పుకు ఇంకోసారి. మర్నాడు సుప్రభాతం కంటే ముందే ఫోను మోగింది.

"కంగ్రాట్స్ సార్! మీ అబ్బాయికి కంప్యూటర్ సైన్స్ సీటు కన్ఫర్మ్ అయింది."

"మావాడు బైపీసీ అమ్మా."

"నో ప్రాబ్లమ్ సార్."

స్టాళ్ల మీద ఫ్లెక్సీలు చూసి తీరాలి. నలభై లక్షల ప్యాకేజీ కొట్టిన ఒకే కుర్రాడు రెండు కాలేజీల ఫ్లెక్సీల్లో నవ్వుతున్నాడు. కవలలేమో, మనకెందుకు? హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కడిది. మధ్యలో ఉన్నవాడి జీతమెంతో కాలేజీలకు ర్యాంకులిచ్చే కేంద్రం వారి ఎన్ఐఆర్ఎఫ్‌కు ఇచ్చే లెక్కల్లో ఉంటుంది కదా, అది చెప్పండన్నాను. పెన్నిచ్చారు. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి, మరి ఈ బ్రాంచికి విడిగా ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని ఇంకోచోట అడిగాను. "బాస్కెట్‌బాల్ కోర్టు కూడా ఉంది సార్" అన్నాడా అబ్బాయి, ఎంతో గౌరవంగా.

కోటాల సంగతి మన ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు ప్రభుత్వం ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా, అంటే సర్వదర్శనం. ర్యాంకు పట్టుకుని కంపార్ట్‌మెంటులో కూర్చుంటే ఎప్పుడో గేటు తీస్తారు. మిగిలిన 30 శాతం కాలేజీవాళ్లే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా, అంటే బ్రేక్ దర్శనం. ఫెయిరులో ఉన్నవాళ్లంతా బ్రేక్ టికెట్లు అమ్మేవాళ్లే. స్కాలర్‌షిప్పు కూడా ఉంది, కాకపోతే సాయంత్రం ఆరింటి వరకే. ఆషాఢం సేల్ నయం, నెలరోజులుంటుంది.

అక్కడే పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కలిశాడు. చేతిలో రెండు సంచులు, పక్కన కూతురు.

"పదివేలు కట్టేసినా సార్. టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్సు కూడా ఇచ్చేసినా. కౌన్సెలింగుకు పోవద్దన్నారు, అంతా వాళ్లే చూసుకుంటారంట."

పోవద్దన్నారట! ర్యాంకుకు రావలసిన సీటు ఆ పిల్ల అడగకూడదట! ఇది అడ్మిషనా, తాకట్టా? ఒరిజినల్స్ పట్టి ఉంచుకోకూడదని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2018లోనే చెప్పింది. క్లాసులు మొదలవకముందే మానుకుంటే వెయ్యి రూపాయలకు మించి కోయకూడదని ఇంజనీరింగ్ కాలేజీలను చూసే ఏఐసీటీఈ చెబుతోంది. రంగురంగుల బ్రోచర్లు అచ్చేసే ఈ పెద్దమనుషులకు ఆ రెండు వాక్యాలకు మాత్రం సిరా దొరకదు. పాలు పోసి దాచుకున్న డబ్బు, ఆ పిల్ల పన్నెండేళ్ల చదువు, రెండూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేబుల్ సొరుగులో పడేశారు. సిగ్గు లేదా?

ఇద్దరం మళ్లీ ఆ స్టాలుకు పోయాం. సొరుగు తాళం మేనేజరు దగ్గరుందట, మేనేజరు భోజనానికి పోయాడట. అందాకా కూర్చోమని కుర్చీ వేసి, పెద్దాయన చేతికి ఇంకో సంచి ఇచ్చారు.