“రోమ్‌లో పడిపోయిన గోడలు తప్ప ఏముంది” అనేవాళ్ళకు జవాబు

యూరప్ టూర్ ప్లాన్ చేసుకునే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. రోమ్‌లో చూడ్డానికి పడిపోయిన గోడలే, ప్రతిదానికీ టికెట్, తాగే నీళ్ళు కూడా కొనుక్కోవాలి, శాకాహారులకు పస్తులే, ఎటు చూసినా దొంగలు, కాబట్టి ఒక్క రోజు చాలు అని. అమ్మను తీసుకుని మార్చిలో నాలుగు రోజులు అక్కడ ఉండి వచ్చాను. ఈ మెసేజ్ చదివి తెలిసినవాళ్ళే రోమ్‌ను ఒక పూటకు కుదించుకుంటుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు గోడల సంగతి. పాంథియన్ అనే పాత రోమన్ గుడిని హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టారు, అంటే దాదాపు 1,900 ఏళ్ళు. 609లో చర్చి అయింది, ఇప్పటికీ అక్కడ ప్రార్థనలు జరుగుతున్నాయి. గోపురం వ్యాసం 43 మీటర్ల పైనే, నేల నుంచి ఎత్తు కూడా అంతే. ఇనుప చువ్వల్లేకుండా ఒట్టి కాంక్రీటుతో కట్టిన గోపురాల్లో ఇంతకన్నా పెద్దది ప్రపంచంలో ఈనాటికీ లేదు. పైకి పోయేకొద్దీ బరువు తగ్గాలని తేలికైన అగ్నిపర్వత రాయిని కలిపారు. నడినెత్తిన పెద్ద రంధ్రం, దానికి అద్దం కూడా లేదు. మేం వెళ్ళినప్పుడు వాన పడుతోంది. చినుకులు సన్నటి ధారగా లోపలికి దిగి, నేలలో ఉన్న చిన్న చిన్న బెజ్జాల్లోంచి ఇంకిపోతున్నాయి. తడిచోట అడ్డంగా కట్టిన తాడు పక్కనే అమ్మ తలెత్తి నిలబడిపోయింది. కదిలించబుద్ధి కాలేదు.

పాత రోమ్ నడిబొడ్డు చౌకు ఫోరమ్‌లో, పోటీలు జరిగిన గుండ్రటి రంగస్థలం కొలోసియంలో పడిపోయినవి ఉన్నాయి, నిజమే. కొలోసియం దక్షిణం వైపు 1349 భూకంపంలో కూలింది. ఆ రాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఊళ్ళోవాళ్ళే మోసుకెళ్ళి భవనాలకూ చర్చిలకూ వాడుకున్నారు. మీరు నడిచే వీధుల్లోనే ఉన్నాయి. ఫోరమ్ పైన పాలటైన్ కొండ అంచున టైబీరియస్ చక్రవర్తి పేరుతో పిలిచే రాజభవనం ఉంది. దాదాపు యాభై ఏళ్ళు మూసి ఉంచి 2023లో మళ్ళీ తెరిచారు. ఆ టైబీరియస్ కాలం నాటి వెండి నాణేలు మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో మట్టిలో దొరికాయి. మన నేలతో వ్యాపారం నడిపిన ఊరు రోమ్. ఆ సంగతి తెలిసి నిలబడితే అవి ఒట్టి గోడల్లా కనిపించవు.

టికెట్ల మాటకొస్తే, కొలోసియంకు మామూలు టికెట్ మేం వెళ్ళినప్పుడు 18 యూరోలు, ఫోరమ్, పాలటైన్ అందులోనే. పాంథియన్‌కు అప్పుడు 5. కానీ సెయింట్ పీటర్స్ బసిలికా ఉచితం, మైకెలాంజిలో చెక్కిన పియెటా శిల్పం అందులోనే ఉంది. శాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో కారవాజ్జో గీసిన చిత్రాలు మూడున్నాయి, అదీ ఉచితమే. అక్కడ మూల చీకటిగా ఉంటుంది. పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, ఒక చిత్రంలో బల్ల మీద డబ్బు లెక్కపెట్టుకుంటున్న మనుషుల మీద కుడివైపు నుంచి పడే వెలుగు అప్పుడు కనిపిస్తుంది. కాసేపటికి ఆరిపోతుంది. ఇంకో నాణెం వేయకుండా ఉండలేరు.

నీళ్ళు కొనాలన్నది మాత్రం పూర్తిగా తప్పు. ఊరంతా సుమారు 2,500 ఇనుప కుళాయిలున్నాయి, 1874 నుంచి పెడుతూ వచ్చారు. వంపు తిరిగిన గొట్టం వల్ల జనం వాటిని ‘నజోనీ’, అంటే పెద్ద ముక్కులు, అంటారు. రాత్రీ పగలూ చల్లటి మంచినీళ్ళు పారుతూనే ఉంటాయి. కింద వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఖాళీ బాటిల్ ఒకటి సంచిలో ఉంటే చాలు.

తిండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పిజ్జా మరినారాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజ్ ఉండదు. వీధి పిజ్జా కొట్లలో కావలసినంత ముక్క కత్తెరతో కత్తిరించి, తూచి ఇస్తారు. యూదుల పేటలో ఆర్టిచోక్ అనే మొగ్గను నిండా నూనెలో వేయిస్తారు, రేకులు విచ్చుకుని అప్పడంలా కరకరలాడతాయి. అమ్మ రెండోది కూడా అడిగింది. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. పుంతరెల్లే అనే ఆకుకూరలో చేప కలుపుతారు, సుప్లీ అనే అన్నం ఉండల్లో తరచూ మాంసం ఉంటుంది, పెకొరీనో చీజ్‌కు పాలు విరగ్గొట్టేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో. నియమంగా ఉండేవాళ్ళు అడిగి తినాలి. పస్తులైతే ఉండక్కర్లేదు.

జేబుదొంగలు ఉన్నారు. తెర్మిని స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబర్ బస్సుకు ఆ పేరుంది. పర్సు లోపలి జేబులో, బ్యాగు ముందుకు, అంతే. మనం రద్దీ బస్సుల్లో రోజూ చేసేదే.

ఇక ఒక్క రోజు. కొలోసియం టికెట్ మీద పేరు, టైమ్ ఉంటాయి, సెక్యూరిటీ క్యూ దాటి ఫోరమ్, పాలటైన్ చూసేసరికి ఒక పూట అయిపోతుంది. వాటికన్ మ్యూజియంలకు ఇంకో పూట కావాలి. అవి ఆదివారాలు మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం తప్ప. పాంథియన్‌కు, ఆ చర్చిలకు టైమ్ ఇంకెక్కడ?

శాన్ క్లెమెంతే అనే చర్చికి మేం నాలుగో రోజు గానీ వెళ్ళలేకపోయాం. పైన 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఇంకా కింద మొదటి శతాబ్దపు ఇల్లు, రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి గుడి. అడుగుకు వెళ్ళేసరికి గోడ వెనక నీళ్ళ చప్పుడు. అమ్మ ఇటుకలకు చెవి ఆనించి వింది. “పంటకాలవలా పారుతోందిరా” అంది.