నూటికి ఆరు

(కావలి. ఆదివారం మధ్యాహ్నం. రిటైరైన సోషల్ మాస్టారు సుబ్బరామయ్య వసారాలో కాయితాలు పరుచుకోని ఉన్నాడు. సాయంత్రం పెన్షనర్ల మీటింగులో ఉపన్యాసం. రవణమ్మ నిన్న రాత్రి కాచిన కొరమీను పులుసు దాక మూత తీసింది. పైన నూనె తేలి, మామిడికాయ టెంక మెత్తబడి ఉంది. ఈ పులుసుకి ఒక రాత్రి ఆగాల్సిందే. ఆగలేనోళ్లు తినబాకండి.)

సుబ్బరామయ్య: ఇదిగో, విను. చదువుల సంగతి చూడమని సర్కారు వేసిన కొఠారీ కమిషన్ 1966లో ఏం చెప్పింది? దేశం సంపాదనలో నూటికి ఆరు రూపాయలు చదువుకి పెట్టమంది. 1985-86 కల్లా!

రవణమ్మ: పెట్టారా?

సుబ్బరామయ్య: పెట్టలా. 1986లో కొత్త విద్యా విధానం రాశారు. ఎనిమిదో పంచవర్ష ప్రణాళిక నించి ఆరు దాటిస్తామని.

రవణమ్మ: దాటిచ్చారా?

సుబ్బరామయ్య: లేదే! 2020లో మళ్లీ విధానం. మళ్లీ ఆరే.

రవణమ్మ: ఈసారి ఎప్పటికంట?

సుబ్బరామయ్య: తారీకు వెయ్యలా. వీలైనంత త్వరలో అన్నారు.

రవణమ్మ: మన పెళ్లి ఎప్పుడయ్యా?

సుబ్బరామయ్య: 1986. దానికీ దీనికీ ఏంది సంబంధం?

రవణమ్మ: మా నాయన ముందర కూర్చోని, ఇంక్రిమెంటు రాంగానే ఆరు సవర్ల గొలుసు చేయిస్తానన్నావా లేదా? నా మెళ్లో ఉండేది ఎంత?

సుబ్బరామయ్య: ...నాలుగు.

రవణమ్మ: మరి దేశం ఎంత పెడతా ఉంది?

సుబ్బరామయ్య: (గొణుగుతా) అదీ మూడూ నాలుగు చుట్టూరానే తిరగతా ఉంది. కేంద్రం, రాష్ట్రాలు అన్నీ కలిపి.

రవణమ్మ: అచ్చం నీ మాదిరే.

సుబ్బరామయ్య: గొలుసు సంగతి వదిలిపెట్టు. చైనావోళ్లని చూడు. నూటికి నాలుగు పెడతామని 1993లో అనుకున్నారు. గడువు 2000.

రవణమ్మ: పెట్టారా?

సుబ్బరామయ్య: వాళ్లూ పెట్టలా.

రవణమ్మ: (మొహం వెలిగిపోయి) అక్కడి మొగుళ్లూ ఇంతేనన్నమాట!

సుబ్బరామయ్య: ఆగవే! 2012లో పెట్టారు. పన్నెండేళ్లు ఆలస్యమే, కాదన్ను. కానీ ఆ తర్వాత నాలుక్కి తగ్గనీలా.

రవణమ్మ: మనమూ నాలుగు దరిదాపుల్లోనే ఉండామంటివే! మళ్లా వాళ్లని పొగిడేదేంది?

సుబ్బరామయ్య: దాక చూడాలే, దాక! 1980లో రెండు దేశాల సంపాదనా ఇంచుమించు ఒకటే. ఇప్పుడు వాళ్లది మనకి ఐదింతలు దాకా ఉంది. నూటికి నాలుగంటే ఏ దాకలో నాలుగు? పైగా బడికి పోయే పిల్లకాయలు మనకే ఎక్కువ.

రవణమ్మ: దీనికి ఇన్ని కాయితాలెందుకు? చుట్టాలొచ్చిన రోజు నేను చేసే లెక్కే కదా ఇది. దాక ఎంత, విస్తళ్లెన్ని. సరే, చదువు సెస్సని నీ దగ్గర పట్టుకుంటారే, అదేమయింది?

సుబ్బరామయ్య: పన్ను మీద పన్ను అది. 2004లో నూటికి రెండు. 2007లో మూడు. 2018 నించి ఆరోగ్యాన్ని కూడా కలిపి నాలుగు. కానీ సెస్సులో రాష్ట్రాలకి వాటా పంచరు.

రవణమ్మ: బళ్లు నడిపేది ఎవురు?

సుబ్బరామయ్య: ఎక్కువ భాగం రాష్ట్రాలే.

రవణమ్మ: పులుసు కాచేది నేనూ, చింతపండు డబ్బులు నీ జేబులోనూ! బాగుంది.

సుబ్బరామయ్య: (కాయితం మీద రాసుకుంటా) ఇది వాడుకుంటా. చప్పట్లు పడతాయి.

రవణమ్మ: ఇంకోటి కూడా రాసుకో. ముప్పై ఏళ్లు సర్కారు బళ్లో పాఠాలు చెప్పి, నీ కొడుకుని మాత్రం నెల్లూర్లో హాస్టలు కాలేజీలో చేర్చావు. ఫీజుకి నా గొలుసు బ్యాంకులో పెట్టావు. విడిపించేసరికి వాడి ఇంజనీరింగు కూడా అయిపోయింది. ఆ గొలుసు నూటికి ఎంతలో వస్తది?

సుబ్బరామయ్య: (కాయితాలు తిరగేసి, కళ్లజోడు తుడుచుకోని) అది... ప్రభుత్వ ఖర్చులోకి రాదు.

రవణమ్మ: రాదు. నా ఖర్చులోకి వచ్చింది.

(సుబ్బరామయ్య కాయితాలు మడిచి దిండు కింద పెట్టి, పీట వాల్చుకున్నాడు.)

సుబ్బరామయ్య: ఆకలైతా ఉంది, వడ్డించు. ఆరు ముక్కలెయ్యి.

(రవణమ్మ లెక్కబెట్టి వేసింది. తలకాయతో కలిపి నాలుగు.)

సుబ్బరామయ్య: నాలుగేందే!

రవణమ్మ: (దాక మీద మూత బోర్లించి) మిగతా రెండూ వీలైనంత త్వరలో.