రెండేళ్ల అనుభవం గారికి ఒక ఫ్రెషర్ విన్నపం

మహారాజశ్రీ 'కనీసం రెండేళ్ల అనుభవం' గారికి,

హైదరాబాద్ నుంచి సైకాలజీ ఎమ్మెస్సీ పాసైన ఒక ఫ్రెషర్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమేనా అని అడగనక్కర్లేదు. ఈ ఊళ్లో ఏ ఉద్యోగ ప్రకటన తెరిచినా ముందు మీ పేరే కనిపిస్తోంది. జీతం ఎంతో రాయడం మరిచిపోయినవాళ్లు కూడా మిమ్మల్ని మాత్రం మరిచిపోవడం లేదు.

మీ దర్శనం కోసం మాదాపూర్ నుంచి బోయినపల్లి దాకా కాళ్లరిగేలా తిరిగాను. థెరపీ సెంటర్‌లో అడిగితే హాస్పిటల్‌లో దొరుకుతారన్నారు. హాస్పిటల్‌లో అడిగితే ఎంఫిల్ చేసినవాళ్ల దగ్గర ఉంటారన్నారు. తీరా ఎంఫిల్ ఇంటర్వ్యూకి వెళ్తే "ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశారా?" అని మళ్లీ మిమ్మల్నే అడిగారు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు. (మా సబ్జెక్టులో ఆ మాట వాడకూడదని మొదటి సెమిస్టర్‌లోనే చెప్తారు. సామెత కాబట్టి వదిలేయండి.)

సాఫ్ట్‌వేర్ వాళ్లకు మీరు అమీర్‌పేటలో రేటు ప్రకారం దొరుకుతారని విన్నాను. మూడేళ్లకు ఒక రేటు, ఐదేళ్లకు ఒక రేటు, పాత తేదీలతో పే స్లిప్పులు అదనం. మా కజిన్ ఒకడు డిగ్రీ చదువుతున్న సంవత్సరాల్లోనే బెంగళూరులో సీనియర్ డెవలపర్‌గా కూడా పనిచేసినట్టు కాగితాలున్నాయి. సైకాలజీకి అలాంటి సందు ఎక్కడుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. దాన్ని మాపై గౌరవం అనుకోవాలో, ఆ సందువాళ్లకు కూడా మేం ఆనలేదనుకోవాలో తెలియదు.

అయినా మీరు ఉండకూడదని నేననను. పుస్తకాలు చదివి పాసైనంత మాత్రాన ఎవరినీ నేరుగా ఒక మనిషి బాధ ముందు కూర్చోబెట్టకూడదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో స్పష్టంగానే చెప్పింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన అర్హత ఉండాలి, లేదా పీజీ మీద రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ ఉండాలి, అందులో పైవాళ్ల పర్యవేక్షణలో కేసులు చూసి ఉండాలి. చక్కటి నియమం. తమరి పుట్టిల్లు అదే. చిక్కల్లా ఆ ఇంట్లో సీట్లు చాలా తక్కువ. పైగా ఇప్పుడు ఆ ఇల్లే ఖాళీ చేయిస్తున్నారు. ఎంఫిల్ కోర్సులను ఎత్తేసిన యూజీసీ, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువిచ్చింది. ఆ తర్వాతి దారి సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) అట, ఎమ్మే క్లినికల్ సైకాలజీ అట. పాత మెట్లు తీసేశారు, కొత్త మెట్ల మీద సిమెంటు ఇంకా ఆరలేదు.

1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో ప్రపంచంలోనే తొలి సైకాలజీ ప్రయోగశాల పెట్టినప్పుడు, "గతంలో సైకాలజీ ల్యాబ్ నడిపిన అనుభవం ఉందా?" అని ఎవరైనా అడిగి ఉంటే ఏమయ్యేది? మేమంతా ఇప్పుడు హాయిగా బీకామ్ చదువుకుంటూ ఉండేవాళ్లం.

ఇంటర్న్‌షిప్ సంగతి చెప్పి త్వరగా ముగిస్తాను. పదిహేను రోజుల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌కి ఫీజు కడితే సర్టిఫికెట్, మరికొంత కడితే రికమెండేషన్ లెటర్. కెమెరాలన్నీ ఆపేసిన జూమ్ మీటింగ్‌లో ఒకావిడ స్లైడ్లు చదివేది, మేం చాట్‌లో 'థాంక్యూ మేడమ్' అని పెట్టేవాళ్లం. డబ్బు అడిగితే మా నాన్న చాలాసేపు ఆలోచించి, "ఉద్యోగమైతే వాళ్లివ్వాలి, చదువైతే మనమివ్వాలి. మరి ఇదేంటమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే ఆయనకు ఫోన్ చేసి చెప్పండి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఒక విద్యా సంవత్సరమంతా ఓ స్కూల్‌లో షాడో టీచర్‌గా చేశాను. ఒకటో తరగతి పిల్లాడు, ఆటిజం. వాడి పక్కనే, వాడి సైజు కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోవడం నా ఉద్యోగం. రోజూ బెల్లు మోగగానే వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. బెల్లంటే భయమని టీచర్లు తేల్చేశారు. నేను నోట్‌బుక్‌లో మూడు గడులు గీశాను. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది. కొన్ని వారాలు రాశాక తెలిసింది, వాడి భయం బెల్లు కాదు. బెల్లు కాగానే ఇనుప బల్లలన్నీ నేల మీద ఒక్కసారిగా జరిపే చప్పుడు. ఆటల పీరియడ్ రోజు పిల్లలు బల్లలు జరపకుండా పరిగెత్తేవాళ్లు కాబట్టి, ఆ రోజు వాడు బెల్లు విని కూడా హాయిగా కూర్చునేవాడు. పీఈటీ సారుని బతిమాలి పాత టెన్నిస్ బంతులు తెచ్చి, గాట్లు పెట్టి మా వరుస బల్లల కాళ్లకు తొడిగాను. బెల్లుకి నిమిషం ముందు వాడికి నీళ్ల కుళాయి బొమ్మ ఉన్న కార్డు చూపించి వరండాలోకి తీసుకెళ్లేదాన్ని. దసరా సెలవుల నాటికి బల్ల కింద దూరడం ఆగిపోయింది.

ఇది మీరు కాదా? మరి ఏమిటి?

కాగితం కావాలని స్కూల్‌ని అడిగితే, "మిమ్మల్ని పెట్టుకుంది పేరెంట్స్, మా స్టాఫ్ కాదు" అన్నారు. పేరెంట్స్‌ని అడిగితే, "మాదేమైనా సంస్థా అమ్మా, లెటర్‌హెడ్ ఎక్కడిది?" అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. జీతం ఇచ్చిన చోట పని జరగలేదు, పని జరిగిన చోట జీతం ఇవ్వలేదు. మధ్యలో మీరు గాల్లో కలిసిపోయారు. ఆ నోట్‌బుక్ తీసుకుని ఇంకో సెంటర్‌కి ఇంటర్వ్యూకి వెళ్తే మేడమ్ తెరిచి కూడా చూడలేదు. "షాడోనా? అది ఆయా పని కదమ్మా" అన్నారు.

ఇంతకీ అవసరం లేక మమ్మల్ని తీసుకోవడం లేదా అంటే అదీ కాదు. విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఒక మాట చెప్పింది. వంద, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కాలేజీలు, హాస్టళ్లు లెక్కేసుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత మా వైపు ఒక కాలేజీలో 'కౌన్సెలింగ్ రూమ్' అని బోర్డు వెలిసింది. లోపల క్రికెట్ కిట్లు, విరిగిన కుర్చీలు. కౌన్సెలర్ ఎవరంటే కంప్యూటర్ సారు. ఆయనకు రెండు రోజుల ట్రైనింగ్ ఇప్పించారట. సైకాలజీలో అనుభవం లేకపోయినా, కాలేజీలో పన్నెండేళ్ల అనుభవం ఉందని ప్రిన్సిపాల్ చెప్పారు. తమరు ఎవరింట్లోనైనా సర్దుకుంటారన్నమాట, మా ఇల్లు తప్ప.

కాబట్టి విన్నపం ఏమనగా, ఉద్యోగం ఇప్పించమని అడగడం లేదు. రోగిని నాకు ఒంటరిగా అప్పగించమనీ అనడం లేదు. కేసు చూస్తున్న సీనియర్ పక్కన ఒక కుర్చీ, వారానికోసారి నా నోట్‌బుక్ చూసి 'ఇది తప్పు, ఇది సరే' అని కొట్టేసి సంతకం పెట్టే ఒక మనిషి, బస్ పాస్‌కీ మధ్యాహ్నం భోజనానికీ సరిపడా స్టైపెండ్. ఆ సంతకాల లెక్కను మీ ఖాతాలో వేయండి.

ఇట్లు,
తమరి దర్శనాభిలాషి,
సైకాలజీ ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాస్, ఫ్రెషర్.

తా.క.: నేను మానేశాక ఆ పిల్లాడి వాళ్లమ్మ కొత్త షాడో టీచర్ కోసం వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టారు. కనీసం మూడేళ్ల అనుభవం కావాలట. ప్రమోషన్ వచ్చినందుకు అభినందనలు.