కొమ్మాది అవతల ఇల్లు: రేపటి మెట్రోకి ధర, ఇవాళ్టి ట్యాంకర్‌కి బిల్లు

విశాఖ నుంచి ఆనందపురం వెళ్లే హైవే మీద ఏ వెంచర్ ఆఫీసులో కూర్చున్నా మాటలన్నీ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. భోగాపురం విమానాశ్రయం, మెట్రో, రుషికొండ ఐటీ హిల్స్, తర్లువాడ డేటా సెంటర్. వీటిలో ఏదీ కట్టుకథ కాదు. మెట్రో మొదటి కారిడార్‌ను స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల మేర ప్రతిపాదించారు. కొమ్మాది నుంచి భోగాపురం దాకా రెండో దశ. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన 2025 అక్టోబరులో వచ్చింది. చిక్కు ఎక్కడంటే, ఈ నాలుగింటి విలువనూ అమ్మేవాళ్లు గజం ధరలో ఇవాళే కలిపేస్తున్నారు. కొన్నవాళ్లకు అవి ఎప్పుడు అందుతాయో మాత్రం ఎవరూ కాగితం మీద రాసివ్వరు. ఈలోగా ఆ కుటుంబం రోజూ వాడుకునేవి కుళాయి నీళ్లు, ఆఫీసుకు వెళ్లే దారి. రాత్రి నిద్ర పట్టించేది ఇంటి కాగితం. మధురవాడ, పీఎం పాలెం, పరదేశిపాలెం, బోయపాలెం వైపు గానీ, పెందుర్తి, సబ్బవరం వైపు గానీ నెమ్మదైన కాలనీలో ఇల్లు చూస్తున్నవాళ్లు వీటికే ధర కట్టాలి. మిగతావి వస్తే సంతోషమే. వాటికి ముందుగా డబ్బు కట్టనక్కర్లేదు.

ముందు నీళ్ల సంగతి. సైట్ చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ మోడల్ ఫ్లాట్‌లో టైల్స్ చూస్తారు, సంపు మూత తీయించేవాళ్లు అరుదు. విశాఖ పక్కన పెద్ద నది ఏదీ పారడం లేదు. రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ, గోస్తని, ముడసర్లోవ నీళ్లు చాలక ఏలేరు కాలువ మీద ఆధారపడ్డ నగరం ఇది. శివారుకి వచ్చేసరికి చాలా అపార్ట్‌మెంట్లు బోరుతోనూ ట్యాంకర్‌తోనూ నెట్టుకొస్తాయి. కొండల కింద ఎర్రమట్టి పొర దాటితే రాయి. నీరు ఆ రాతి పగుళ్లలోనే ఉంటుంది. అందుకే నవంబరులో ధారగా పోసిన బోరు ఏప్రిల్ చివరికి గాలి కక్కుతుంది. పక్క స్థలంలో ఇంకో బ్లాక్ కట్టి ఇంకో బోరు వేస్తే అదీ ఇదీ ఒకే పగులు నుంచి లాగుతాయి.

లెక్క వేద్దాం. 40 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే రోజుకు 21,600 లీటర్లు కావాలి. మేలో బోరు సగమే ఇస్తే దాదాపు 11 వేల లీటర్లు బయట నుంచి తేవాలి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు రెండు. ఏప్రిల్ మొదటి నుంచి జూన్ రెండో వారం దాకా 75 రోజులకు 150 ట్యాంకర్లు. ట్యాంకర్ వెయ్యి రూపాయలనుకున్నా ఆ రెండున్నర నెలల్లో ఒక్కో ఇంటికి 3,750 రూపాయలు మెయింటెనెన్స్ మీద అదనం. భరించలేని మొత్తమేమీ కాదు. అసలు బాధ డబ్బుతో కాదు, ట్యాంకర్ రాని రోజుతో. కాబట్టి పాత అపార్ట్‌మెంట్ అయితే గడిచిన రెండేళ్ల ఏప్రిల్, మే, జూన్ నెలల ఖర్చుల రిజిస్టర్ చూపించమని అసోసియేషన్ వాళ్లని అడగండి. బోరు లోతెంత, మోటారు ఎన్ని హెచ్‌పీ, మళ్లీ లోతు చేయించారా, సంపు ఎన్ని లీటర్లు? సంపులో కనీసం రోజున్నర నీళ్లు పట్టాలి. 40 ఫ్లాట్లకు అంటే 32 వేల లీటర్లకు తగ్గకూడదు.

‘జీవీఎంసీ (నగరపాలక సంస్థ) లైన్ ఉంది’ అన్న మాటను కాస్త జాగ్రత్తగా వినండి. గేటు ముందు పైపు పోవడం వేరు, కనెక్షన్ తీసుకుని మీటరు తిరుగుతూ ఉండడం వేరు. నీటి బిల్లు చూపిస్తే నమ్మొచ్చు. బాత్‌రూమ్ కుళాయి మూతి దగ్గర తెల్లటి సున్నపు పొర గట్టిగా పేరుకుని, గోటితో గీకినా రాకపోతే అక్కడ వాడేది కఠిన జలం. గీజర్ ఎలిమెంట్, వాషింగ్ మెషిన్ తొందరగా పోతాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు వెంట తీసుకెళ్లండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు.

నీళ్లు లేకపోవడం వేసవి బెడద అయితే, నీళ్లు ఎక్కువై రావడం అక్టోబరు బెడద. కంబాలకొండ, సింహాచలం కొండల మీద పడ్డ వాన గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, దిగి సముద్రానికి పోవాలి. లేఅవుట్ వేసేటప్పుడు ఆ గెడ్డను చదును చేసి, పైన రోడ్డు వేసి, అడుగున రెండు సిమెంటు తూములు పెడితే మామూలు వానకి సరిపోతుంది. తుపాను వానకి సరిపోదు. రెవెన్యూ గ్రామపటం, సర్వే నంబరు ఎఫ్ఎంబీ (భూమి కొలతల పటం) తీయిస్తే గెడ్డ ఏ దారిన పోయేదో గీత కనిపిస్తుంది. రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు ఖాళీ వదలాలి. కాగితం లేకపోయినా సెల్లార్ గోడ చెబుతుంది. మోకాలి ఎత్తున అడ్డంగా ఒక మట్టి గీత, దాని కింద ఉబ్బిన పెయింటు ఉన్నాయంటే నీళ్లు అంతవరకు నిలిచాయన్నమాట. అదే సెల్లార్‌లో జనరేటర్, కరెంటు ప్యానెల్ కింద పెట్టి ఉంటే, వాన పెద్దదైన రాత్రే లిఫ్టూ మోటారూ కలిసి ఆగిపోతాయి.

దారి విషయానికొస్తే, కొమ్మాది నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా సుమారు 16 కిలోమీటర్లు. రానూపోనూ 32, నెలకు 25 రోజులకు 800 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారుకి 53 లీటర్ల పెట్రోలు, లీటరు 110 రూపాయల లెక్కన 5,800 పైచిలుకు. ఉద్యోగం స్టీల్ ప్లాంట్ వైపు అయితే దూరం రెట్టింపు. అలాంటివాళ్లు గజానికి ఎంత తక్కువ వచ్చినా మధురవాడలో కొనడం తెలివైన పని కాదు. కూర్మన్నపాలెం, దువ్వాడ, అగనంపూడి చూసుకోవాలి. పెందుర్తి, కొత్తవలస, అనకాపల్లి వైపు కనీసం రైలు ఉంది. మధురవాడ వైపు రైలు మార్గమే లేదు. జనమంతా ఆ ఒక్క హైవే మీదే పోవాలి. ఎండాడ, హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం కూడళ్లలో ఎక్కడ ఇరుక్కున్నా ఆఫీసుకు ఆలస్యమే. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు లైన్ల రోడ్డు వచ్చింది గానీ, అది ఊరు దాటిపోయే లారీలకి ఉపయోగపడ్డంతగా ఊళ్లో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఉపయోగపడదు. ఆదివారం మధ్యాహ్నం ఏజెంటు కారులో 25 నిమిషాల్లో చేరిన దూరాన్ని సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి బస్సులో ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి బండి మీద ఒకసారి కొలవండి. ఇల్లు హైవేకి ఏ పక్కన ఉందో కూడా చూడాలి. బడి ఎదురుగా మూడొందల మీటర్ల దూరంలో కనిపిస్తున్నా, యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటే పిల్లలు రోజూ డివైడర్ ఎక్కి దాటడం మొదలుపెడతారు. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ట్రాఫిక్ మళ్లిస్తారు. అది ఏడాదికి కొన్ని రోజులే, సర్దుకోవచ్చు.

చుట్టుపక్కల ఏమున్నాయన్నది మాత్రం సర్దుకునే విషయం కాదు. ఆర్ఆర్ వెంకటాపురంలో 1961 నాటి ఫ్యాక్టరీ చుట్టూ తర్వాత ఇళ్లు పెరిగాయి. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. పరవాడ వైపు ఫార్మా సిటీ, కాపులుప్పాడ వైపు డంపింగ్ యార్డు ఉన్నాయి. గాలి ఎటు వీస్తే వాసన అటు. ఉదయం ఒకసారి వెళ్లొచ్చి తేల్చుకునేది కాదిది, రాత్రి పూట కూడా వెళ్లి కాసేపు నిలబడి చూడాలి.

ఇక కాగితాలు. విశాఖ శివారులో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. బయానా ఇవ్వకముందే సర్వే నంబరు, సబ్ డివిజన్‌తో సహా తీసుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22ఏ నిషేధిత జాబితా (రిజిస్టర్ చేయకూడని భూములది) చూడండి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి... ఈ పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఎన్నో ఏళ్లుగా నలుగుతోంది. అక్కడ ఇల్లు చవగ్గా దొరుకుతోందంటే కారణం అదే. డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు, అమ్మడానికి 1977 చట్టం అడ్డు. సడలింపు వచ్చిందని అమ్మేవాళ్లు అంటే, ఆ సర్వే నంబరుకు సంబంధించిన ఉత్తర్వు కాపీ ఇవ్వమనండి, నోటిమాట చాలదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తనఖాల చిట్టా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) ఒక్కొక్కటీ ఈసీలోని ఎంట్రీతో నంబరు, విస్తీర్ణం, హద్దులు సరిపోయాయో లేదో లాయరు చేత చూపించండి. స్థలమైతే వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉండాలి. రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేసి అప్పగించారో లేదో కూడా అడగండి. అప్పగించకపోతే వీధి దీపం వెలగదు, చెత్త బండి రాదు. అప్పుడు ఊరి చివరి ప్రశాంతత కాస్తా చీకటిలో కుక్కల మధ్య నడకగా మారుతుంది.

ఫ్లాట్ విషయంలో ఎక్కువమంది జారిపోయేది యూడీఎస్ (స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే అవిభాజ్య వాటా) దగ్గర. 1,200 గజాల స్థలంలో ఒకే సైజు ఫ్లాట్లు 40 ఉంటే తలా 30 గజాలు రావాలి. డాక్యుమెంట్‌లో 24 రాసి ఉంటే మిగతా 240 గజాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? చాలాసార్లు అది ప్లాన్‌లో లేని పై అంతస్తుకో, టెర్రస్ మీద పెంట్‌హౌస్‌కో అట్టిపెట్టిన వాటా. ‘బీపీఎస్‌లో (జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం) రెగ్యులరైజ్ అయిపోతుంది లెండి’ అంటారు. ఆ బిల్డింగుకి వర్తిస్తుందో లేదో తెలియని పథకం మీద ఇరవై ఏళ్ల అప్పు పెట్టకండి. ఇక్కడి గ్రూప్ హౌస్‌లు చాలామటుకు స్థలం యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీదే లేస్తాయి. మీరు చూస్తున్న ఫ్లాట్ ఓనరు వాటాదా, బిల్డరు వాటాదా అన్నది రిజిస్టరైన అగ్రిమెంట్‌లోనో, పంపకాల సప్లిమెంటరీ డీడ్‌లోనో ఉంటుంది. వాటా తప్పితే అమ్మినవాళ్లకి అమ్మే హక్కే ఉండదు. ఇంకోటి, ప్లాన్ ఉల్లంఘించకుండా హామీగా బిల్డరు నిర్మాణంలో పదో వంతును మునిసిపాలిటీకి తనఖా పెడతారు. ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చాకే దాన్ని విడిపిస్తారు. మీకు చూపించిన ఫ్లాట్ ఆ పదో వంతులోది కాదని అఫిడవిట్ చూసి నిర్ధారించుకోండి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉందిలే అని ధీమా పడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 400 గజాల్లో లేచే అయిదంతస్తుల బిల్డింగులన్నీ ఆ లెక్కలో బయటే ఉంటాయి. రెరాలో ఉన్న ప్రాజెక్టయితే రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, ధర కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే జాగా) మీద చెప్పాలి, అప్పగించాక అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే ఉచితంగా బాగుచేయాలి.

సముద్రపు గాలికి తగ్గ కాంక్రీటు గురించి ఒక్క మాట. ఉప్పుగాలి నేరుగా తగిలే చోట కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, కమ్మీని కప్పుతూ 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) ఉండాలి. బాల్కనీ అడుగున పొడవాటి సన్నని పగులు, దాని వెంట తుప్పు మరక కనిపిస్తే లోపల కమ్మీ ఉబ్బుతోందని అర్థం. పైన పుట్టీ పూసి పెయింటు వేస్తే మరక పోతుంది, ఉబ్బు ఆగదు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ అద్దాల ముఖభాగాలను ఏం చేసిందో ఈ ఊరు చూసింది. సముద్రం వైపు కిటికీల్లో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము లోపల స్టీలు పట్టీ వేశారో లేదో అడగడం చాదస్తం కాదు.

డబ్బు సంగతి. 65 లక్షల ఫ్లాట్‌కి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అంటే 4.87 లక్షలు. కడుతుండగా కొంటే జీఎస్టీ 5 శాతం, 3.25 లక్షలు. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉంటే జీఎస్టీ ఒక్క శాతమే. 30 నుంచి 75 లక్షల అప్పుకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు, రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపదు. అంటే 13 లక్షలు మీ వాటా, పైన ఖర్చులు కలిపి 21 లక్షలు చేతిలో ఉండాలి. కబోర్డులు, ఏసీలు దీనికి అదనం. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకి ఇచ్చే మొత్తంలోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని కొన్నవాళ్లే కట్టాలి. మర్చిపోతే నోటీసు కొన్నవాళ్లకే వస్తుంది.

తొందర లేనివాళ్లకి ఒక దారి ఉంది. నచ్చిన కాలనీలోనే, వీలైతే అదే బ్లాక్‌లో, మార్చిలో అద్దెకు దిగి నవంబరు దాకా ఉండండి. మేలో ట్యాంకర్లు, అక్టోబరులో సెల్లార్, రోజూ హనుమంతవాక సిగ్నల్ అన్నీ తెలిసిపోతాయి. అసోసియేషన్ మీటింగ్‌లో ఓనర్లు దేని గురించి గొడవపడుతున్నారో కూడా వినపడుతుంది. బేరం ఆడే రోజున బ్రోచర్‌తో పాటు ఆ తొమ్మిది నెలల నీటి ఖర్చు కాగితాన్ని కూడా టేబుల్ మీద పెట్టి మాట్లాడొచ్చు.