ఏ రామాయణం?

అమెరికాలో మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో ఈ ఆగస్టులో వరల్డ్ లిటరేచర్ క్లాసులో చేరాను. ప్రతి మంగళవారం సాయంత్రం ఆరున్నరకి. సాహిత్యం మీద ప్రేమతో అని రాసుకోవచ్చు గానీ, అసలు సంగతి వేరు. ఇక్కడ టీచరు ఉద్యోగానికి వెళ్దామంటే నా ఇండియా డిగ్రీలో ఇంగ్లిష్ క్రెడిట్లు తక్కువ పడ్డాయన్నారు. నాకు కుదిరిన టైములో దొరికింది ఈ క్లాసొక్కటే.

మొదటి రోజు పదిహేను మందిమి. సగం మంది మా పెద్దవాడి ఈడు వాళ్లు. ప్రొఫెసర్ గారు పుస్తకం తెరవకుండానే, ఒక్కొక్కరూ పేరు, ఊరు చెప్పి, ఇంట్లో విన్న కథో చదివిన పుస్తకమో ఏదో ఒకటి చెప్పమన్నారు. పక్క బల్ల దగ్గర నర్సింగ్ చదువుతున్న నైజీరియా అమ్మాయి లేచి వాళ్ల దేశపు రచయిత అచెబె నవల పేరు చెప్పింది. 1958లో వచ్చిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్'. అక్కడితో ఆగకుండా, అందులో తాబేలు పక్షులతో కలిసి విందుకెళ్లే కథ ఉంది కదా, మా అమ్మమ్మ దాన్ని ఇంకోలా చెప్పేది అంది. వెనక వరసలో ఒక వియత్నాం పెద్దాయన. ఆయన 'కియూ కథ' అన్నారు. న్గుయెన్ జు రాసిన కావ్యం, 3,254 పాదాలు. అందులో రెండు పాదాలు నిలబడే చదివారు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ చదివే తీరు చూస్తే మా తాతయ్య పోతన పద్యం ఎత్తుకోవడమే గుర్తొచ్చింది.

తర్వాత నా వంతు. పేరు చెప్పాను. ఇండియా, సౌత్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇద్దరు పిల్లలు అన్నాను. 'కథ?' అన్నారు ప్రొఫెసర్ గారు. 'రామాయణం' అన్నాను.

'ఏ రామాయణం?' అని అడిగారు.

వాల్మీకి అన్నాను. అది మన సిలబస్‌లో ఎలాగూ ఉందిలెండి, మీ ఇంట్లో విన్నది చెప్పండి అన్నారు. అదే అని మళ్లీ అని కూర్చున్నాను. కారెక్కాక గానీ తట్టలేదు, మా ఇంట్లో వాల్మీకిని చదివినవాళ్లు ఒక్కరూ లేరని. మరి ఆ పేరెందుకు వచ్చింది నోటికి? ఎదుటివాళ్లకి తెలిసిన పేరు కాబట్టి.

ఆ రాత్రి ఫోన్లో మా పెద్దవాడికి చెప్తే నవ్వాడు. కాలేజీ మొదటి వారంలో వాడూ ఇలాంటి క్లాసులోనే కూర్చున్నాడట, వాడూ రామాయణమే అన్నాడట. 'ఇంకేం చెప్పమంటావమ్మా, నాకు వేరే ఏం తెలుసు?' అన్నాడు. తప్పు వాడిది కాదు. వాడు ఎనిమిదేళ్లు మన తెలుగు బడికి వెళ్లాడు. గుణింతాలు వచ్చు. పద్యాల పోటీలో కప్పు కూడా తెచ్చాడు. ఆ పద్యాల అర్థం ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మా ఇంటి రామాయణం వేరే ఉంది. తెనాలి దగ్గర పల్లెటూళ్లో, వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తూ మా అమ్మమ్మ పాడేది. ఊర్మిళాదేవి నిద్ర. లక్ష్మణుడు అన్నతో అడవికెళ్తే, అతని నిద్ర కూడా తనే తీసుకుని పద్నాలుగేళ్లు పడుకున్న మనిషి కథ. పట్టాభిషేకం అయ్యాక సీత గుర్తుచేస్తే గానీ ఊర్మిళ ఊసు ఎవరికీ రాదు. రాముడు పంపితే లక్ష్మణుడు ఆమె గదికి వస్తాడు. నిద్రమత్తులో ఆమెకి అతనెవరో తెలియదు. పరాయివాడనుకుని, మా నాన్న వింటే ఊరుకోడు, మా అక్కాబావలు వింటే నిన్ను బతకనివ్వరు అని దులిపేస్తుంది. పరాయి ఆడదాన్ని కోరి ఇంద్రుడేమయ్యాడు, రావణుడేమయ్యాడు అని కూడా అంటుంది. ఇన్నేళ్లూ నిద్రపోయిన మనిషికి రావణుడి సంగతి ఎలా తెలిసిందే అని నేనడిగితే, అమ్మమ్మ గింజ తీసి పక్కన పడేసి 'పడుకుంటే మాత్రం చెవులు పడుకుంటాయా' అంది.

ఈ పాటల్ని పట్టించుకున్నవాళ్లు లేకపోలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారు తెలుగు ఆడవాళ్ల రామాయణ పాటల మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాశారు. 1991లో వచ్చిన 'మెనీ రామాయణాస్' అనే పుస్తకంలో ఉంది. మా కాలేజీ లైబ్రరీలో అది దొరికింది. నేను మర్చిపోయిన పాటని నాకు అమెరికా లైబ్రరీ బీరువా గుర్తుచేసింది. సిగ్గనిపించింది, సంతోషమూ వేసింది.

నాకు ఇక్కడి మన తెలుగు సంఘాల మీద ఉన్న కంప్లెయింట్ ఇదే. మన భాష గురించి చెప్పమంటే ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అంటాం, 2008లో ప్రాచీన హోదా వచ్చింది అంటాం. మొదటిది ఇంకో భాష పేరు అరువు తెచ్చుకుని చెప్పే గొప్ప, రెండోది గవర్నమెంటు కాగితం. ఆ రెండూ విన్న నైజీరియా అమ్మాయి తిరిగి ఏం అడుగుతుంది? మాట అక్కడే ఆగిపోతుంది. కథ చెబితే ఆగదు.

తెలుగుకి వరల్డ్ లిటరేచర్ సిలబస్‌లో చోటెక్కడిది అనే పెద్దలకి ఒక మాట. ప్రపంచ సాహిత్యం అనే మాటకి పేరు తెచ్చిన జర్మన్ కవి గోథె 1827లో ఆ మాట అన్నది, అనువాదంలో ఒక చైనా నవల చదివాక. చేతికి పుస్తకం అందింది కాబట్టి అన్నాడు. మనవీ అందేలా ఉన్నాయి. కన్యాశుల్కం 2007లో ఇంగ్లిష్‌లో 'గర్ల్స్ ఫర్ సేల్' పేరుతో వచ్చింది. పెద్దన మనుచరిత్ర 2015లో వచ్చింది, ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లిష్. కాలేజీ లైబ్రరీలో లేకపోతే కొనమని చదివే పిల్లలే అడగొచ్చు. మా లైబ్రరీలో ఒక చిన్న ఫారం నింపితే చాలన్నారు. సంక్రాంతి బాంక్వెట్‌లో ఇచ్చే జ్ఞాపికల ఖర్చులో కొంత తీసినా ఊరి లైబ్రరీకి ఇవి కొనివ్వొచ్చు. జ్ఞాపికలు మా గరాజ్‌లోనే నాలుగున్నాయి, కావలసినవాళ్లు తీసుకెళ్లండి.

తెలుగు బడిలో కూడా చివరి ఏడాది పిల్లల చేత ఒక్క పని చేయించాలి. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఒక కథ తెచ్చుకుని, తెలుగు రాని స్నేహితుడికి రెండు నిమిషాల్లో చెప్పడం. మార్కులు ఆ స్నేహితుడు వేయాలి.

రెండో మంగళవారం నేను చేయెత్తి, పోయినవారం సరిగ్గా చెప్పలేదు, మళ్లీ చెప్తానన్నాను. ఊర్మిళ కథ చెప్పాను. ఇంగ్లిష్‌లో తడబడ్డాను, 'బావ'కి మాట దొరక్క చేతులు తిప్పాను. అయినా ఎవరూ ఫోన్లు చూసుకోలేదు. నర్సింగ్ అమ్మాయి నైట్ షిఫ్ట్ చేసి సరిగ్గా నిద్రపోకుండానే వచ్చిందట, 'నా నిద్ర కూడా ఎవరికైనా ఇచ్చేయొచ్చా?' అంది. వియత్నాం పెద్దాయన మాత్రం నవ్వలేదు. 'పాట అన్నావు కదా, పాడు' అన్నారు.

నాలుగు చరణాల దాకా వచ్చింది, తర్వాత రాలేదు. మర్నాడు మా పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడకీ మధ్యలో ఒక చరణం పోయింది. రేపల్లెలో వాళ్ల ఆడపడుచుకి మొత్తం వచ్చట, అడిగి వాట్సాప్‌లో పాడి పంపిస్తానంది. ఇంకా రాలేదు. వచ్చే మంగళవారం లోపు మళ్లీ ఒకసారి గుర్తుచేయాలి.