శ్రీలంక వానల్లో ఏ ఒడ్డుకు వెళ్లాలి?

మే నుంచి సెప్టెంబర్ దాకా శ్రీలంకలో వానలు, వెళ్లొద్దు అనే సలహా తరచూ వినిపిస్తుంది. అది సగం దీవికే వర్తిస్తుంది. జూలైలో నైరుతి, దక్షిణ తీరాల్లోని హిక్కడువ, మిరిస్సాల్లో అలలు ఎగిసిపడి ఎర్ర జెండాలు కట్టే రోజుల్లోనే తూర్పు తీరంలోని ట్రింకోమలీ, పాసికుడా దగ్గర సముద్రం ఈతకు అనువుగా ఉంటుంది.

దీనికి కారణం దీవి నడుమ ఉన్న కొండలు. నైరుతి గాలులు పడమటి వాలులను ఒరుసుకుంటూ పైకి లేచి, చల్లబడి, తేమనంతా అక్కడే కురిపిస్తాయి. ఆ వాలుల్లోని వటవల పరిసరాల్లో ఏడాదికి వాన 5,000 మిల్లీమీటర్లు దాటే చోట్లున్నాయి. శిఖరాలు దాటి తూర్పుకు దిగేసరికి ఆ గాలిలో తేమ ఉండదు. బట్టికలోవా ప్రాంతం వాళ్లు కచ్చాన్ అని పిలిచే వేడిగాలి ఇదే. ఈ తేడాను తేయాకు వాళ్లకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు. తూర్పు వాలుల్లోని ఊవా తేయాకుకు మంచి రుచి వచ్చేది ఈ పొడిగాలులు వీచే జూలై–సెప్టెంబర్‌లో. పడమటి డింబుల ఆకుకు మాత్రం జనవరి–మార్చి మంచి అదును. ప్రయాణానికీ ఇదే పంచాంగం పనికొస్తుంది.

కాబట్టి జూన్–ఆగస్టుల్లో దిగేవాళ్లు కటునాయకె విమానాశ్రయం నుంచి దక్షిణ తీరానికి తిరగకుండా నేరుగా దంబుల్లా వైపు వెళ్లడం మేలు. సిగిరియా, పొలొన్నరువ, ఆ తర్వాత ట్రింకోమలీ. మిన్నేరియ చెరువు నీరు తగ్గి, ఒడ్డున పచ్చగడ్డి మొలిచి, ఏనుగులు వందల సంఖ్యలో చేరేదీ జూలై–అక్టోబర్ మధ్యే. అక్కడి నుంచి తూర్పు తీరంలోని అరుగం బే మీదుగా కొండ ఊరైన ఎల్లకు ఎక్కవచ్చు. ఎల్ల నుంచి నానుఓయ వైపు వచ్చే రైలులో ఒహియ, పట్టిపొల మధ్య సొరంగం దగ్గర ఒక్కోసారి విచిత్రం కనిపిస్తుంది: ఇటు ఎండ, అటు ముసురు. శ్రీపాద శిఖరాన్ని మాత్రం ఈ నెలల్లో వదిలేయాలి. యాత్రాకాలం డిసెంబర్ పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ (బుద్ధపూర్ణిమ) వరకే. మిగతా రోజుల్లో దారి దీపాలుండవు, దుకాణాలు మూసేస్తారు. ఐదు వేలకు పైగా ఉన్న మెట్లను తడిలో, చీకట్లో, ఈదురుగాలిలో ఎక్కడం ప్రమాదం.

నిజంగా భయపడాల్సినవి అక్టోబర్, నవంబర్ నెలలు. అప్పుడు ఏ ఒడ్డుకూ మినహాయింపు లేదు. మధ్యాహ్నం దాటగానే దాదాపు దీవి అంతటా ఉరుములతో కుంభవృష్టి, దానికితోడు బంగాళాఖాతం వాయుగుండాలు. తక్కువ ధర గదుల ప్రకటనల్లో ఈ నెలలను కూడా పచ్చదనం పేరుతో అమ్మడం బాధ్యత లేని పని. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫాను వందల ప్రాణాలు తీసింది, కొండ రైలు మార్గాన్ని ఛిద్రం చేసింది. అందుకే రైలు ఏ స్టేషన్ దాకా నడుస్తోందో తెలుసుకున్నాకే ఎల్లలో గది తీసుకోవాలి. తప్పనిసరిగా వెళ్లేవాళ్లు చూడాల్సినవన్నీ ఉదయమే ముగించుకుని, మెరుపులు మొదలయ్యేలోపు పైకప్పు కిందికి చేరాలి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు లెక్క తిరగబడుతుంది. ఈశాన్య గాలులతో తూర్పు తడుస్తుంది, నైరుతి తీరంలోని గాలె పట్టణం వైపు తెరిపి ఇస్తుంది.

తడవడం వల్ల వచ్చే నష్టం తక్కువ. ప్రాణాలు తీసేది కొండచరియలు. అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ పసుపు, కాషాయం, ఎరుపు రంగుల్లో మూడు అంచెల హెచ్చరికలిస్తుంది. 24 గంటల్లో వాన 75 మిల్లీమీటర్లు దాటితే అప్రమత్తం కావాలి, 100 దాటితే సామాను సర్దుకుని సిద్ధంగా ఉండాలి, 150 దాటితే ఖాళీ చేయాలి. గంటలోనే 75 కురిసినా ఖాళీ చేయాల్సిందే. నేల పగుళ్లు, వాలిన స్తంభాలు, తేటగా పారే ఊట ఉన్నట్టుండి బురదగా మారడం లేదా ఆగిపోవడం కనిపిస్తే ఏ హెచ్చరిక కోసమూ చూడొద్దు. విపత్తు నిర్వహణ కేంద్రం నంబరు 117. వానాకాలంలో కొండల్లో గది ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి కనిపించే లోయ కంటే, గది వెనుక నిలువుగా చెక్కిన గట్టు ఉందా అన్నది ముఖ్యం. తిరుగు విమానానికి ముందు రాత్రి కొండ మీద ఉండొద్దు. ఒక్క చరియ పడినా దారి గంటలకొద్దీ మూసుకుపోతుంది.

సింహరాజ అడవిలో జలగలు తప్పవు, మోకాలి దాకా వచ్చే జలగ మేజోళ్లు వేసుకుంటే చాలు. వరద నీటిలో, వరిమళ్లలో చెప్పుల్లేకుండా దిగితే ఎలుక జ్వరం సోకే ప్రమాదం ఉంది. మలేరియా లేని దేశంగా శ్రీలంకకు 2016లోనే గుర్తింపు వచ్చింది గానీ డెంగీ ఉంది, అది వానల వెంటే పెరుగుతుంది. కుట్టే దోమ పగటిది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే సరిపోదు. ఇంటికొచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే వైద్యుడికి ప్రయాణం సంగతి చెప్పాలి. రక్తపరీక్ష అయ్యేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.