సీటు బెల్టు క్లిప్పు గారికి బహిరంగ లేఖ

నెల్లూరు.

మహారాజశ్రీ సీటు బెల్టు క్లిప్పు గారి సముఖమునకు,

తమరు చూడడానికి చిన్న ఇనపముక్కే అయినా, బెల్టు గూట్లో దూరి, బెల్టు పెట్టుకోని మనిషిని పెట్టుకున్నవాడిగా కారుకు నమ్మించగల సమర్థులని మా ఊళ్లో పేరు తెచ్చుకున్నారు. 2019 జులై 1 నుంచి తయారయ్యే ప్రతి కారులోనూ, ముందు సీట్లవారు బెల్టు మరిచిపోతే హెచ్చరిక మోగి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ మోతను భరించడం కంటే బెల్టు పెట్టుకోవడమే సులువని జనం అనుకుంటారని అధికారులు ఆశపడ్డారు. మూడో దారి ఒకటి ఉంటుందని, అది కారు సామాన్ల అంగట్లో సెంటు సీసాల పక్కన వేలాడుతూ వందకో రెండు వందలకో దొరుకుతుందని పాపం వారికి తట్టలేదు.

తమరి భక్తులలో మా మామయ్య ఒకరు. ఆయనకు విమానమంటే హడలు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి, లోపలున్న 242 మందిలో ఒక్కరే బతికి, కింద ఉన్నవారితో కలిపి 260 మంది చనిపోయిన తరువాత, రేణిగుంట నుంచి హైదరాబాదుకు తీసుకున్న టిక్కెట్లు ఆయన రద్దు చేయించారు. స్టీరింగు మన చేతిలో ఉంటే ఆ ధైర్యమే వేరని ప్రకటించి, పగలంతా పనులు చూసుకుని, రాత్రి భోజనం ముగించి, తమరిని బెల్టు గూట్లో భద్రంగా నొక్కి బయలుదేరారు. అత్తయ్య మాత్రం విమానం గండం తప్పినందుకు మూలాపేట శివాలయంలో కొబ్బరికాయ కొట్టించింది.

మామయ్య భయానికి ఆధారం లేకపోలేదు. 2002లో బాలయోగి, 2004లో సౌందర్య, 2009లో రాజశేఖరరెడ్డి ఆకాశం నుంచే రాలిపోయారని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. వాటిలో రెండు హెలికాప్టర్లని, మూడోది చిన్న విమానమని, మనం టిక్కెట్టు కొని ఎక్కే విమానం ఒక్కటీ లేదని చెబితే వినిపించుకోరు. 2012లో ఎర్రన్నాయుడు, 2018లో మా నెల్లూరు జిల్లాలోని పెళ్లికి బయలుదేరిన హరికృష్ణ రోడ్డు మీదనే పోయినప్పుడు, ఇకపై కారెక్కరాదని మా ఇంట్లో ఎవరూ తీర్మానించలేదు.

ఈ విషయంలో మామయ్య ఒంటరివారు కారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికావారు విమానాలు మానుకుని కార్లెక్కగా, ఆ తరువాతి 12 నెలల్లో రోడ్ల మీద అదనంగా దాదాపు 1,500 మంది చనిపోయి ఉంటారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అంచనా కట్టారు. ఆ చావులు ఒక్కచోట ఒక్కరోజున జరగలేదు గనుక వాటిని ఎవరూ టీవీలో చూడలేదు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. రోజుకు సుమారు 460 మంది అన్నమాట, అంటే అహ్మదాబాదు దుర్ఘటనలో పోయినవారికంటే ఎక్కువమంది ప్రతిరోజూ పోయారు. 2018 నుంచి 2022 వరకు ప్రపంచవ్యాప్తంగా ప్రయాణికుల విమానాల లెక్క తీస్తే, 1 కోటి 37 లక్షల మంది ఎక్కితే ఒకరు చనిపోయారని ఎంఐటీ ఆచార్యులు ఆర్నాల్డ్ బార్నెట్ తేల్చారు. 2022 నాటి రోడ్డు లెక్కలో బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది ఉన్నారు. వారిలో ఎందరికి తమరి సహాయం అందిందో ఆ నివేదికలో విడిగా చూపలేదు గనుక, తమరి కీర్తికి అది తీరని లోటు.

హెచ్చరికను పెడచెవిన పెట్టడమనే విద్య విమానంలో లేదని నేను అనను. 2010 మే 22న మంగళూరులో దిగవలసిన విమానం ప్రయాణంలో ఎక్కువ భాగం కెప్టెన్ నిద్రలోనే ఉన్నారు. లేచిన తరువాత మరీ ఎత్తులో రన్‌వే వైపు దించుతుంటే, మళ్లీ పైకి లేపమని సహపైలట్ పదేపదే హెచ్చరించారు, యంత్రం కూడా అరిచింది. ఆయన వినలేదు, 158 మంది చనిపోయారు. అయితే ఆ తరువాత ఏం జరిగిందో తమరు గమనించాలి. కాక్‌పిట్‌లో రికార్డయిన గురకను సైతం విని, విచారణ సంఘం నివేదిక రాసింది, సిఫారసులు చేసింది. అదే రోడ్డు మీదయితే, స్టీరింగు ముందు కునుకు తీసినవాడి గురించి ఎఫ్ఐఆర్‌లో ఒక వాక్యం రాసి, లారీని పక్కకు లాగి, గాజుపెంకులు ఊడ్చేస్తారు. విమానం ఎక్కే ముందు పైలట్ చేత గొట్టంలోకి ఊదించి, మద్యం లేదని తేలితేనే పంపిస్తారు. మా వైపు పెళ్లి భోజనాల నుంచి అర్ధరాత్రి తిరుగుముఖం పట్టే కార్లను ఎవరు ఊదించి పంపాలి?

రోడ్డు మీద క్రమశిక్షణ అసాధ్యమని కూడా చెప్పలేము. ఒంగోలుకు ఉత్తరాన కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీదనే అత్యవసర రన్‌వే కట్టి, 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలతో ట్రయల్ రన్ చేశారు. విమానం వస్తోందనగానే వాహనాలను దారి మళ్లించి, మనుషులను, పశువులను ఆ దరిదాపులకు రానివ్వలేదు. విమానాలు వెళ్లిపోయాక అదే సిమెంటు రోడ్డు మీదకు ఎదురుదారిలో వచ్చే ట్రాక్టర్లు, చీమకుర్తి గ్రానైటు లారీలు, తమరి కార్లు యథాప్రకారం చేరుకున్నాయి.

తమరి మీద ప్రభుత్వానికి కోపం వచ్చిన మాట నిజమే. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశిస్తే, ఐదు ఆన్‌లైన్ వర్తక సంస్థలు తమరి అమ్మకపు ప్రకటనలను 13 వేలకు పైగా తొలగించాయి. తమరు నొచ్చుకోలేదు. మామయ్య కారులో తమరు ఇప్పటికీ నిగనిగలాడుతున్నారు. బెల్టు లేని మనిషి ముందుకు తూలుతున్న సమయంలోనే ఎయిర్‌బ్యాగు ఎదురొచ్చి ముఖాన్ని గుద్దుతుందని, బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచితేనే ఆ బ్యాగు వల్ల మేలని చెప్పాను. ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయి, తమరు కూడా ఉన్నారు, ఇక భయమెందుకన్నారు.

విచిత్రమేమిటంటే, అమెరికాలోని కూతురిని చూడడానికి తప్పనిసరై చెన్నైలో విమానమెక్కినప్పుడు, ఎవరూ అడగకముందే నడుముకు బెల్టు బిగించుకున్నది కూడా ఈ మామయ్యే. విమానం నేలను తాకిన తరువాత బెల్టు గుర్తు దీపం ఆరేదాకా దాన్ని విప్పలేదట. అందుచేత తమరికి నాదొక విన్నపం. పైలట్ ముందు మోగే హెచ్చరికలన్నింటి నోరూ నొక్కగల తమ్ముడొకడు తమరికి ఉన్నాడని, వాడిని కాక్‌పిట్‌లో పెడితే ప్రయాణమంతా ప్రశాంతంగా ఉంటుందని మామయ్యకు ఒకసారి చెప్పి చూడండి. ఆయన ఏమంటారో తిరుగు టపాలో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
మామయ్య పక్క సీటులో కూర్చుని, తమరిని పీకి డాష్‌బోర్డు అరలో పడేసే మేనల్లుడు